ఒక పోగుకి ఒక్కటే నరం

మేడమ్ పోయారన్న కబురు నాకు ల్యాబ్‌లో నాతో పనిచేసే సమీనా చెప్పింది. అంటే ముందు సమీనాకి తెలిసిందన్నమాట. మంగళవారం పొద్దున ల్యాబ్ తలుపు తోసుకొచ్చి, చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అక్కా, మేడమ్ పోయిన్రు. సార్ ఇప్పుడే ఫోన్ చేసిన్రు" అంది. దుఃఖం రావాల్సిన చోట నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, "నీకు చేసిన్రా?" అని. సమీనా నా వంక ఒకసారి చూసి, కుర్చీలో కూలబడి ఏడ్చింది. నేను నిలబడే ఉన్నాను. సార్ అంటే మేడమ్ భర్త. ఆయన దగ్గర నా నంబరు లేదా? ఉంది. శనివారం సాయంత్రం వాళ్ళింట్లోనే ఉన్నాను కదా.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి మాటలతో మొదలుపెట్టాలని నాకూ తెలుసు. కానీ ఆవిడ గురించి ఏది తలుచుకున్నా దాని వెంట ఈ కుళ్ళు కూడా వస్తోంది. రెంటినీ విడదీసి రాయబోయాను, కుదరలేదు. అంత అభిమానం లేకపోతే ఇంత కుళ్ళూ ఉండేది కాదని నన్ను నేను సమర్థించుకుని, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మేడమ్ ఇక్కడ బహ్రెయిన్‌లో ఒక మెడికల్ కాలేజీలో హిస్టాలజీ చెప్పేవారు. శరీరంలోని ముక్కని పల్చటి పొరలుగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద చూపించే చదువు అది. ఆ కోయడం, రంగులద్దడం మా టెక్నీషియన్ల పని. ఆవిడది తెనాలి పక్కన ఊరు, నాది జగిత్యాల. మా ఊళ్ళో నన్ను దుబాయిలో ఉందని చెప్పుకుంటారు. బహ్రెయిన్ అని ఎన్నిసార్లు చెప్పినా "అదేలే, దుబాయే కదా" అంటారు. మా ఆయన జుఫైర్‌లో ఒక హోటల్ లాండ్రీలో పని చేస్తాడు, కాపురం నయీమ్‌లో. మేడమ్, సార్ ఉండేది బుసైతీన్‌లో, సముద్రపు గాలి తగిలే చోట.

నేను ఉద్యోగంలో చేరిన రోజు ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మాంసం వండుతావా?" అని. ఉద్యోగానికీ మాంసానికీ సంబంధం ఏమిటో తెలియక, "శుక్రవారం శుక్రవారం వండుత మేడమ్" అన్నాను.

"ఉడికిన ముక్కని వేళ్ళతో తుంపితే దారాలు దారాలుగా వస్తుంది చూడు, అవి పోగుల కట్టలు. ఒక్క పోగుని విడిగా పట్టుకోవాలంటే నీ వేళ్ళు చాలవమ్మా. రా, ఇలా కూర్చో" అన్నారు.

కూర్చోబెట్టింది రెండు తలల మైక్రోస్కోపు దగ్గర. ఒకే స్లైడుని ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు చూడొచ్చు. లోపల చిన్న ఆకుపచ్చ బాణం కనబడుతుంది. దాన్ని జరుపుతూ ఆవిడ ఒక్కొక్కటీ చూపించారు. గులాబి రంగు పోగులు పొడవునా పక్కపక్కన పడుకుని ఉన్నాయి. ప్రతి పోగు మీదా అడ్డంగా చారలు. ఒకటి ముదురు, ఒకటి లేత, మళ్ళీ ముదురు, మళ్ళీ లేత, కనుచూపు ఆనినంత దూరం. మా చేనేత వీధిలో కూడా అంత సమంగా నేసిన చారలు చూడలేదు నేను. న్యూక్లియస్‌లు మాత్రం పోగు మధ్యలో లేవు, అంచుకి ఒదిగి ఉన్నాయి. ఎందుకని అడిగాను.

"మధ్యలో పని జరుగుతుంటుంది. అడ్డం రాకూడదుగా" అన్నారు. చారల్లో రెండు రకాల సన్నటి తీగలు ఉంటాయట. కండ బిగిసినప్పుడు ఆ తీగలేవీ కుంచించుకుపోవు, ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయంతే. ఇది చెప్పేటప్పుడు ఆవిడ రెండు చేతుల వేళ్ళనీ ఒకదాని సందులోకి ఒకటి పోనిచ్చి చూపించేవారు. పొట్టి వేళ్ళు, గోళ్ళ అంచుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు. క్లాసు పిల్లలకి ఇదంతా ఇంగ్లీషులో చెప్పేవారు. నాకు మాత్రం తెలుగులో చెప్పేవారు. అందుకని ఆ చదువు నా ఒక్కదాని కోసమే ఉందనిపించేది. ఆ ఎదురు కుర్చీ కూడా నాదే అనుకున్నాను.

అద్దాల సంగతి చెప్పాలి. మేడమ్‌కి దూరం ఆనదు. మైక్రోస్కోపులో చూడాలంటే అద్దాలు తీసి బల్ల మీద పెట్టాలి. స్లైడు మామూలుగా ఉంటే తల ఎత్తగానే చెయ్యి దానంతట అదే అద్దాల మీదికి పోయేది. పెట్టుకుని, "పర్లేదు" అనేవారు. స్లైడు నిజంగా బాగుంటే ఏమీ అనేవారు కాదు. లేచి, అద్దాల మాట మరిచిపోయి, ఏదో ఆలోచించుకుంటూ నడిచి వెళ్ళిపోయేవారు. తలుపు అంచుకి గుద్దుకున్నాకో, ఎదురొచ్చిన డీన్ గారిని ప్యూన్ అనుకుని టీ చెప్పాకో గుర్తొచ్చేది. "నా అద్దాలు చూశారా ఎవరైనా?" అని గది గదికీ వెతుక్కుంటూ వచ్చేవారు. బల్ల మీద మరిచిన ఆ అద్దాలే మాకు బహుమతి. ఆవిడ సొంత స్లైడులకి ఎన్నిసార్లు మరిచిపోయారో. నా స్లైడులకి ఎప్పుడూ మరిచిపోలేదు.

మామూలు రంగుల్లో పోగులు, చారలు కనబడతాయి గానీ నరం పోగుని కలిసే చోటు సరిగ్గా కనబడదు. దాన్ని చూపించడానికి ఆవిడ దగ్గర పాత పద్ధతి ఒకటి ఉండేది, బంగారం రంగు, అంటే నిజం బంగారాన్ని కరిగించిన ద్రావణంతో వేసేది. కొత్త పద్ధతులు వచ్చాయి, కొన్న స్లైడులూ వస్తాయి, అయినా ఆవిడ దాన్ని వదల్లేదు. మన దగ్గర బంగారం మెడలో వేసుకుంటాం, ఈవిడ నల్ల సీసాలో పోసుకున్నారని నేను వేళాకోళం చేసేదాన్ని. ప్రయోగాలకి ఎలుకల్ని పెంచే యానిమల్ హౌస్ నుంచి ఎలుక పక్కటెముకల మధ్య కండ అప్పుడే తీసినది వస్తుంది. దాన్ని చిన్న ముక్కలు చేసి ముందు నిమ్మరసంలో వేయాలి. అవును, మనం పులిహోరలో పిండుకునే నిమ్మకాయే. ఆ రసంలో కండ గాజులాగా తేటపడుతుంది. తర్వాత కడిగి, చీకట్లో బంగారు ద్రావణంలో, ఆ తర్వాత చీకట్లోనే ఫార్మిక్ యాసిడ్‌లో మర్నాటిదాకా. ఆఖరికి గ్లిజరిన్‌లో పెట్టి, గాజు సూదులతో పోగుల్ని విడదీయాలి. ఆ రోజు ల్యాబంతా నిమ్మ వాసన. పిల్లలు లోపలికొచ్చి ఎవరు ఏం తింటున్నారా అని చూసేవారు.

కుదిరిందంటే చూడాల్సిందే. లేత ఊదా పోగుల మీదికి నల్లటి నరం ఒకటి వస్తుంది. వచ్చి కొమ్మలు వేస్తుంది. ఒక్కో కొమ్మా ఒక్కో పోగు నడుమ దగ్గర ఆగి, పిట్ట కాలి గుర్తులాగా చిన్న చిన్న వేళ్ళుగా విచ్చుకుంటుంది. దాన్ని మోటార్ ఎండ్ ప్లేట్ అంటారు. మేడమ్ గుమ్మం అనేవారు.

"నరం గుమ్మం దాకానే వస్తుందమ్మా, లోపలికి పోదు. మధ్యన కంటికి ఆనని సందు ఉంటుంది. ఆ సందు అవతల నుంచే మాట చేరాలి" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు, బాణం జరుపుతూ: "ఒక నరానికి బోలెడు పోగులు. పోగుకి మాత్రం ఒక్కటే నరం."

ఆ మాట విన్న ప్రతిసారీ నేను లెక్క వేసుకునేదాన్ని. నేను పోగుని, ఆవిడ నరం. నాకు ఆవిడ ఒక్కరే. ఆవిడకి బోలెడు మందిమి.

ఆ బంగారం రంగు నాకు కుదరలేదు. మిగతా రంగులన్నీ కుదిరాయి, ఇది కుదరలేదు. ఒకసారి అంతా నల్లగా మాడినట్టు, ఒకసారి అంతా వెలిసిపోయినట్టు. నరమూ ఒకటే రంగు, పోగూ ఒకటే రంగు. యానిమల్ హౌస్ వాళ్ళు ముక్క ఇస్తామన్నప్పుడల్లా నిమ్మకాయలు పట్టుకుని సిద్ధమయ్యేదాన్ని. మేడమ్ చూసి, చెయ్యి అద్దాల మీదికి పోనిచ్చి, "పర్లేదు" అనేవారు. వైద్యుడికి హస్తవాసి ఉన్నట్టు దీనికీ ఉంటుంది కాబోలు, నాకు లేదు అనుకున్నాను. ఎవరికీ లేదు, ఆవిడకి ఒక్కరికే ఉంది అనుకున్నంత కాలం నాకు బాధ లేదు.

అప్పుడు సమీనా చేరింది. నిజామాబాద్ పిల్ల, తనకీ మేడమ్‌లాగే అద్దాలు. భర్తది మనామాలో సామాన్ దించే వ్యాన్. సమీనాకి టీ తప్ప ఏ వంటా రాదు, భర్తే వండుతాడు. ఆ సంగతి సిగ్గు లేకుండా నవ్వుతూ చెబుతుంది. వచ్చిన కొత్తలోనే మేడమ్ ఆమెకి బంగారం రంగు పని ఇచ్చారు. ఆ రోజు నిమ్మకాయలు పిండుకు రావడం మరిచిపోయి, ముక్క వచ్చాక కంగారుపడి, ల్యాబ్ సింకు దగ్గరే నాలుగు కాయలు కోసి, గింజలతో సహా పిండి, గుడ్డలో వడకట్టింది. నేను పక్కనుంచి చూస్తూ, అయిపోయింది దీని పని అనుకున్నాను. మనసులో కొంచెం సంతోషపడ్డాను కూడా.

మర్నాడు మేడమ్ చూశారు. చాలాసేపు చూశారు. బాణం ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి జరిగింది. ఎదురు కుర్చీలో సమీనా ఉంది. మేడమ్ లేచి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. అద్దాలు బల్ల మీద ఉండిపోయాయి.

"అక్కా, మేడమ్ అద్దాలు మర్చిపోయిన్రు, ఇచ్చొస్త" అంది పాపం, దాని అర్థం తెలియక. నాకు తెలుసు. ఆ రోజు నయీమ్ వెళ్ళే బస్సులో నిలబడి, చెమటలో ముద్దవుతూ, ఎవరి మీదో తెలియని కోపంతో ఇంటికి చేరాను. మా ఆయన, "ఏమైంది?" అంటే, "నాకు చెయ్యి లేదు" అన్నాను. ఆయన నా రెండు చేతులూ చూసి భయపడ్డాడు.

ఆ తర్వాత ఎన్ని చూశాను! పిల్లలకి చూపించే బంగారం స్లైడులు సమీనావి. తెలుగు మాటలు సమీనాకి కూడా. "ఒక నరానికి బోలెడు పోగులు" సమీనాకి కూడా. ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాను, "నేనేం తక్కువ చేసిన మేడమ్?" అని. ఆవిడ ఆశ్చర్యపోయారు. "తక్కువేంటమ్మా? నువ్వు లేకపోతే ఈ ల్యాబ్ నడవదు. ఆ ఒక్క రంగూ నీకు పట్టుబడలేదు, అంతే. అందరికీ అన్నీ పట్టుబడవు" అన్నారు. ఓదార్పుకే అన్నారు. నాకు అది తీర్పులాగా వినిపించింది.

తర్వాత ఆవిడ బొటనవేలి కింద మెత్తగా ఉండే కండ పల్చబడటం మొదలైంది. సీసా మూత తిరగలేదొకసారి. పక్కనే ఉన్నాను నేను. కానీ మూత తీయమని సమీనా చేతికిచ్చారు. అప్పుడు కూడా నాకు కనబడింది సీసా ఎవరి చేతికిచ్చారన్నదే గానీ, ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందన్నది కాదు. కొన్నాళ్ళకి డాక్టర్లు జబ్బు పేరు చెప్పారు. నరాలు ఒక్కొక్కటిగా పోగుల్ని వదిలేసే జబ్బు.

"ఇన్నేళ్ళూ వాటిని అదేపనిగా చూశాను కదా, నా దిష్టే తగిలుంటుంది" అన్నారు ఆవిడ, నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు. నా కుళ్ళు సమీనా మీదే గానీ, దిష్టికి గురి తెలియదు కదా. ఆ వారం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఆవిడ పేరు తలుచుకుని ఒక నిమ్మకాయ దిగదుడిచి రోడ్డు మీద పారేశాను.

చేతులు పూర్తిగా పడిపోయేదాకా ఆవిడ కాలేజీకి వచ్చారు. బాణం జరపడానికి సమీనా చెయ్యి, పేజీ తిప్పడానికి ఎవరిదో చెయ్యి. ఆ చివరి క్లాసుల్లోనే ఒక మాట చెప్పారు. "ఒక నరం వదిలేసిన పోగులు ఊరికే ఎండిపోవు. పక్క నరం ఒక కొమ్మ వేసి వాటిని పట్టుకుంటుంది. దానికి ఉన్న పోగులు దానికి ఉన్నా సరే, పట్టుకుంటుంది" అన్నారు. పిల్లలు రాసుకున్నారు. ఆవిడ గొంతు అప్పటికే ముద్దగా వచ్చేది.

ఆవిడ పోవడానికి ముందు శనివారం బుసైతీన్ వెళ్ళాను. దానికి ముందు గురువారమే సమీనా సెలవులో ఉంటే నేను మళ్ళీ బంగారం రంగు వేసి, మళ్ళీ పాడు చేశాను. శనివారం పొద్దున ఇంట్లో కాయలు పిండుతూ, మేడమ్‌కి కూడా కాస్త రసం సీసాలో పోసుకున్నాను. ఏసీలోంచి బయటికి రాగానే ఎవరి అద్దాలైనా మసకేసే ఉక్క. సార్ తలుపు తీశారు. మేడమ్ కిటికీ దగ్గర వాలు కుర్చీలో ఉన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి, తెచ్చిన రసంలో నీళ్ళు, చక్కెర కలిపి షర్బత్ చేసి తెచ్చాను. సార్ స్ట్రా పట్టుకున్నారు. ఒక గుక్క తాగి ఆగారు.

"ఉప్పేశావా?"

"లేదు మేడమ్, చక్కెరే ఏసిన. ఉప్పు పొద్దుగాలనే పడ్డది అండ్ల."

"పొద్దున ఎందుకు?"

"పిండంగనే చిటికెడు ఏస్త. ఎయ్యకుంటే రసం చేదెక్కుతది. మా అమ్మ గట్లనే చేస్తది."

ఆవిడ నా మొహంలోకి చూశారు. "ల్యాబ్‌కి తెచ్చే రసంలో?" అన్నారు మెల్లగా.

దాంట్లోనూ అంతే. ముక్క వచ్చే సమయానికి తడుముకోకూడదని ఎప్పుడూ ఇంటి దగ్గరే పిండుకుని తీసుకెళ్ళేదాన్ని. పిండిన చేతికి ఉప్పు డబ్బా పక్కనే. వేస్తున్నానని కూడా నాకు తెలియదు. ఊపిరి పీల్చుకుంటున్నానని తెలుస్తుందా?

మేడమ్ నవ్వడం మొదలుపెట్టారు. చప్పుడు లేని నవ్వు, ఒళ్ళు మాత్రం కదులుతోంది, కళ్ళ వెంట నీళ్ళు. పొలమారిందేమోనని సార్ హడలిపోయారు. "ఇన్నేళ్ళూ... నా కండని... ఊరగాయ పెట్టావటే!" అన్నారు. ఆవిడ నన్ను చనువుగా 'అటే' అనడం అదే మొదలు. సమీనాని ఎప్పుడూ అలా పిలవలేదు, నాకు బాగా గుర్తు.

ఉప్పు వల్లో, నిలవ రసం వల్లో ఖాయంగా చెప్పలేనన్నారు. కానీ చెయ్యి వల్ల కాదన్నారు. "సోమవారం చెయ్యి. అప్పటికప్పుడు పిండు. ఫొటో తీసి పట్టుకురా, నాకు చూడాలనుంది" అన్నారు. వంట రాకపోవడమే సమీనాకి కలిసొచ్చిందని అప్పుడు అర్థమై, తిరుగు బస్సులో నన్ను నేనే తిట్టుకున్నాను.

సోమవారం చేశాను. నయీమ్‌లో కూరగాయల కొట్టు భాయ్, "సబ్ ఖలాస్" అని, అన్నీ అయిపోయాయంటుంటే వెనక గంప వెతికించి మరీ కాయలు తెచ్చుకున్నాను. ఇంట్లో వాటికి కత్తి పెట్టలేదు. సింకు దగ్గర కోశాను, సింకు దగ్గర పిండాను. ముక్కలు తేటపడ్డాయి, బంగారంలో పసుపు రంగుకి తిరిగాయి. యాసిడ్‌లో వేసి చీకటి పెట్టెలో పెట్టి ఇంటికి వెళ్ళాను. మంగళవారం వాటిని బయటికి తీయడానికి పెట్టె మూత మీద చెయ్యి వేసినప్పుడు సమీనా తలుపు తోసుకొచ్చింది.

ముందు ముక్కల్ని కడిగి గ్లిజరిన్‌లో వేశాను. తర్వాతే బుసైతీన్ బయలుదేరాను. ఎవరైనా తప్పనుకుంటే అనుకోనీ, ఆవిడైనా అదే చేయమనేవారు. దారిపొడవునా సమీనా నా చెయ్యి పట్టుకుని ఉంది, నేను విడిపించుకోలేదు. ఆ ఇంట్లో ఆవిడ చేతులు గుండెల మీద పెట్టి ఉన్నాయి. గోళ్ళ అంచుల్లో ఏ రంగూ లేదు. అప్పుడు ఏడ్చాను. తర్వాతెప్పుడో సార్ అన్నారు, "ఫోన్లో ఎవరి నంబరు ముందు కనబడితే వాళ్ళకి చేశానమ్మా, నాకేం తెలియలేదు" అని. నిజమే అయుంటుంది. నా నంబరు ముందు కనబడి ఉండకూడదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మరో వారం పోయాక గ్లిజరిన్‌లోంచి ఒక ముక్క తీసి గాజు సూదులతో విడదీశాను. పైన పల్చటి గాజు బిళ్ళ పెట్టి నొక్కాను. రెండు తలల మైక్రోస్కోపు దగ్గర, ఈసారి మేడమ్ కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది. లేత ఊదా పోగులు, వాటి మీద సన్నగా చారలు. ఎడమ వైపు నుంచి నల్లటి నరం వచ్చింది. కొమ్మలు వేసింది. ప్రతి కొమ్మ చివరా గుమ్మం, వేళ్ళు విచ్చుకుని, ఒక్కటీ చెదరకుండా. నేను చూస్తూ ఉండిపోయాను. చూపించాలి. ఎవరికి? నా పోగుకి ఉన్న ఒక్క నరమూ పోయింది. ఈ లోకంలో దీని విలువ తెలిసినది ఇంకొకతే మిగిలింది, అది సమీనా. ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను.

"సమీనా, ఇటు రా" అన్నాను.

వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. తన అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నేను బాణాన్ని ఒక గుమ్మం దగ్గర ఆపాను. ఆమె చాలాసేపు చూసింది. "జరపనా?" అంటే తల అడ్డంగా ఊపింది. మళ్ళీ చూసింది.  ఆ మొహం నేను ఎరుగుదును. ఆమె స్లైడులు చూసిన ప్రతిసారీ నా మొహమే అది.

ఏమీ అనకుండా లేచింది. సింకు దాకా వెళ్ళి, చేతులు కడుక్కోకుండానే ఇటు తిరిగి, నడవలోకి వెళ్ళిపోయింది. తలుపు అంచుకి భుజం తగిలిన చప్పుడు వినబడింది.

అద్దాలు బల్ల మీదే ఉన్నాయి. మైక్రోస్కోపు దీపం వెలుతురు వాటి మీద పడుతోంది. నేను పిలవలేదు. వాటినలాగే ఉండనిచ్చి, ఆమె వెతుక్కుంటూ వచ్చేదాకా చూస్తూ కూర్చున్నాను.